సైకిలుకు దారి, సైకిలుకు చోటు

కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుడు ప్రబంధాలను గూర్చియో, శతక వాఙ్మయాన్ని గూర్చియో వ్రాయడం పరిపాటి. ఈసారి ఆ పరిపాటిని ప్రక్కకు పెట్టి సైకిలును గూర్చి వ్రాయ సంకల్పించినాను. ఇంజనీర్లు చూచుకొనవలసిన విషయంలో భాషాధ్యాపకునికి పని ఏమని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. కాని ప్రతి ఉదయం మన ఆవరణలో ప్రహరీగోడ వెంబడి, మెట్ల ప్రక్కన, చెట్టు క్రింద ఒకదానిపై ఒకటి వాలి నిలిచే సైకిళ్ళను చూచినవారికి, ఇక్కడి చదువుకూ సైకిలుకూ గల సంబంధం వేరుగా చెప్పనక్కరలేదు. హాజరు పట్టీ నా చేతిలో ఉంటుంది గనుక ఆ సంబంధం నాకు మరికొంచెం ఎక్కువగా తెలియుచున్నది.

మాటతోనే మొదలు పెడతాను, అది నా వృత్తిధర్మం. సైకిలుకు పండితులు సంస్కృత పదాలు కల్పించి చూచినారు గాని జనం వానిని స్వీకరించలేదు. పేరు పరాయిదే అయినా క్రియ మాత్రం మనదే నిలిచినది. ఉర్దూలో సైకిలును 'చలాయిస్తారు', తెలుగులో 'తొక్కుతారు'. ఒక భాష దానిని నడిపే వాహనంగా చూచినది, మరొక భాష కాలి కష్టాన్ని చూచినది. మన తరగతి గదులలో రెండు మాటలూ వినిపిస్తాయి, రెండింటిలోనూ నిజమున్నది.

సైకిలును పేదవాని బండి అని తేలికగా చూచేవారికి మన జిల్లావారే ఒకరు మంచి సమాధానం. అలగానిపాడులో 1913లో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభ సభ్యులై ఢిల్లీ వెళ్ళిన తరువాత కూడ పార్లమెంటుకు సైకిలుపైననే వెళ్ళేవారన్నది సుప్రసిద్ధం. తరువాత హైదరాబాదులో శాసనసభకు కూడ అట్లే వెళ్ళినారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు సైతం ఆ నిరాడంబరతను గౌరవించినారు. ఈ వృత్తాంతాన్ని మనం ఆదర్శజీవితానికి ఉదాహరణగా చెప్పి అంతటితో ఆగిపోతాము. నాకు అందులో మరొక చిన్న విషయం ముఖ్యంగా తోచుచున్నది. ఆయన సైకిలు దిగిన తరువాత దానిని ఎక్కడనో నిలిపి ఉండాలి గదా! దిగిన చోట సైకిలుకు స్థలం, భద్రత లేకపోతే ఎంతటి నిరాడంబరుడైనా మరునాడు వేరే బండి వెతుక్కొనవలసినదే.

నెల్లూరు సైకిలు కొరకే పుట్టినదా అనిపించే పట్టణం. పెన్నకు దక్షిణపు గట్టున, సముద్రతీరపు మైదానంలో వెలసిన ఊరు. ఎక్కలేని మిట్టలు లేవు. దర్గామిట్ట, కోటమిట్ట అని పేర్లలో మిట్టలున్నవి గాని అవి తొక్కేవాని ఊపిరిని పరీక్షించేవి కావు. మూలాపేట, సంతపేట, స్టోన్‌హౌస్‌పేట, వేదాయపాళెం - నడిబొడ్డు నుండి ఏ దిక్కునకు పోయినా చాలా పేటలు ఐదారు కిలోమీటర్లలోనే వచ్చేస్తాయి. గంటకు 15 కిలోమీటర్ల మితమైన వేగంతో పోయేవానికి 5 కిలోమీటర్లు ఇరువది నిమిషాల ప్రయాణం. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఈశాన్య ఋతుపవనాలు వచ్చినప్పుడు వాన ముంచెత్తుతుంది, తీరగ్రామాలలో ఉప్పుగాలికి రిమ్ములు త్రుప్పు పట్టుతాయి, ఇవన్నీ నిజమే. అయినను మైపాడు వైపు నుండి చేపల బుట్ట క్యారియరుకు కట్టుకొని వచ్చేవాడు ఈ కారణాలలో దేనికీ ఆగలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 44.8 కుటుంబాలకు సైకిలు ఉండినది. అంటే సైకిలు కొరత అసలు సమస్య కాదు. ఉన్న సైకిలును బయటికి తీయడానికి జంకే పరిస్థితి ఏర్పడుటయే సమస్య. మా తండ్రుల తరంలో ట్రంకు రోడ్డుపై గంటల మ్రోత వినిపించేదట. అద్దె సైకిళ్ళ దుకాణాలు పేటపేటకూ ఉండేవి. గంటకు ఇంత అని చెల్లించి, మడ్గార్డుపై దుకాణం పేరు వ్రాసిన సైకిలు తెచ్చుకొనేవారు. పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వేసి ఏటా ఒక రేకు బిళ్ల ఇచ్చేవి. డైనమో దీపం లేకపోయినా, ఇద్దరెక్కినా పోలీసు ఆపేవాడు. పన్ను కట్టించుకొని, తప్పు పట్టినంతకాలం సైకిలుకు రోడ్డుపై ఒక స్థానం ఉండినది. పన్ను పోయినది, దానితో పాటు ఆ స్థానమూ పోయినది. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించినది. 2020లో సరిగా ఆ దినముననే అట్లాస్ కంపెనీ సాహిబాబాదులోని తన కర్మాగారాన్ని మూసివేసినది. దీనికి వ్యాఖ్యానం అనవసరం.

జంకు అకారణమైనది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించినారు. వారిలో సైకిలుపై పోవుచుండినవారు నాలుగు వేలకు పైగా ఉన్నారు. వెనుకనుండి వచ్చే లారీని సైకిలుదారు చూడలేడు. ఎదుట ఆగియున్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకొంటుందో తెలియదు. ప్రక్కకు తప్పుకొందామంటే మురుగు కాలువ, దాని ప్రక్కన బండ్లు. ఈ మూడింటి మధ్య మిగిలిన మూరెడు చోటే అతని దారి.

ఇక శాస్త్రం ఏమి చెప్పుచున్నదో చూతము. సూత్రం చాలా సరళమైనది. మోటారు వాహనాల వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించని వీధులలో సైకిలు వానితో కలసి పోవచ్చును. వేగం అంతకు మించే రోడ్లపై సైకిలుకు వేరు బాట ఉండాలి. వేరు బాట అనగా రోడ్డుపై తెల్లగీత కాదు. గీతను గౌరవించే వాహనం మన దేశంలో ఇంకను తయారు కాలేదు. నడుమ గట్టు గాని, చెట్ల వరుస గాని ఉండాలి.

ఇది విదేశాల నుండి నిన్న దిగుమతి అయిన ఆలోచన అనుకొనరాదు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు బాటల నిర్మాణానికి నియమావళి ప్రకటించినది. 2015లో దానిని సవరించినది. ఆ తొలి నియమావళి ప్రకారం బాట వెడల్పు 2 మీటర్లకు తగ్గరాదు. ఒకరిని మరొకరు దాటిపోవలెనన్నచో 3 మీటర్లు ఉండాలి. ఎప్పుడు వేయాలి? గంటకు 100 నుండి 200 మోటారు వాహనాలు పోయే రోడ్డుపై, రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళు పోవుచున్నచో వేరు బాట వేయవచ్చును. మోటారు వాహనాలు 200 మించినచో సైకిళ్ళు 100 ఉన్నా చాలును. వి.ఆర్.సి. సెంటరు నుండి గాంధీబొమ్మ మీదుగా పోయే ట్రంకు రోడ్డులో రద్దీ వేళ గంటకు 200 వాహనాలు దాటవా అని ఎవరిని అడిగినా నవ్వుతారు. ఇక తేలవలసినది ఆ వంద సైకిళ్ళ లెక్కయే. జాతీయ సేవా పథకం విద్యార్థులు పెన్సిలు, కాగితం పట్టుకొని నాలుగు కూడళ్ళలో ఉదయం ఎనిమిదిన్నర నుండి తొమ్మిదిన్నర వరకు నిలిచినచో ఒక వారంలో ఆ లెక్క తేలిపోతుంది. ఆ కాగితం నగరపాలక సంస్థకు చేరినచో, నియమావళిని చూపి అడుగుటకు మనకు ఆధారం ఉంటుంది.

అయితే బాట వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బస్సు మార్గాన్ని 2008లో ప్రారంభించినప్పుడు దాని ప్రక్కన సైకిలు బాట కూడ వేసినారు. మోటారు సైకిళ్ళు అందులోకి చొరబడినవి. కార్ల వారు తమ దారి ఇరుకైనదని గగ్గోలు పెట్టినారు. 2016లో ఆ మార్గాన్నే తొలగించినారు. హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి, సౌరఫలకాల పైకప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. నీడకు నీడ, 16 మెగావాట్ల విద్యుత్తుకు విద్యుత్తు. ఎండదేశంలో నీడ గల బాట అన్న ఊహ ప్రశంసనీయం. కాని అది నగరపు అంచున, విశాలమైన రహదారి ప్రక్కన ఉన్నది. పాల క్యాను కట్టుకొని పోయేవానికి, మేస్త్రీ పనికి పోయేవానికి, పాఠశాలకు పోయే బాలికకు అది దారిలో తగలదు. వ్యాయామానికి తొక్కేవారికి బాట కావాలంటే కాదనను. అన్నానికి, అక్షరానికి తొక్కేవారి వంతు ముందు రావాలని మాత్రం నా అభిప్రాయం.

నెదర్లాండ్సు దేశం పేరు ఈ సందర్భంలో అందరూ ఎత్తుతారు, అక్కడ సైకిలు పుట్టుకతో వచ్చిన సంస్కృతి అన్నట్లు. అది సరి కాదు. అక్కడ కూడ రెండవ ప్రపంచ యుద్ధానంతరం కార్లు వీధులను ఆక్రమించినవి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించగా, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్యను ఆపండి' అన్న పేరుతో వీధులలోకి వచ్చినారు. 1973లో చమురు సంక్షోభం తోడైనది. తొలుత టిల్బర్గ్, హేగ్ నగరాలలో ప్రయోగంగా ఒక్కొక్క మంచి బాట వేసి చూచినారు. ఒంటరి బాట ఆశించినంత ఫలితం ఈయలేదు. పిమ్మట డెల్ఫ్ట్ నగరంలో బాటలన్నింటినీ వలవలె అల్లినారు. అప్పుడు సైకిళ్ళు పెరిగినవి. ఇంటి నుండి గమ్యం వరకు ఎక్కడా తెగని దారి కావాలి. నడుమ ఒక్క కూడలి ప్రమాదకరమైనా తల్లి బిడ్డను పంపదు.

నెల్లూరులో ఆ తెగే చోట్లు ఎక్కడ ఉన్నవో ఇక్కడివారందరికీ తెలుసు. రైలు మార్గం ఊరిని నిలువునా చీల్చుచున్నది. దానిని దాటుటకు ఆత్మకూరు బస్టాండు, రామలింగాపురం, మాగుంట లేఅవుటు వద్ద అండర్ బ్రిడ్జీలున్నవి. గట్టి వాన కురిసినచో వానిలో నీరు నిలుస్తుంది. కార్లు చుట్టు తిరిగి పోతాయి. సైకిలు విద్యార్థి చుట్టు తిరిగితే మొదటి పీరియడు పోతుంది. నీటిలో దిగితే పుస్తకాలు పోతాయి. ఇక్కడ ఇంజనీరింగు సులభమైన ఒక మార్గం చూపుచున్నది. బస్సుకు, లారీకి అండర్ బ్రిడ్జీలో సుమారు 5 మీటర్ల ఎత్తు కావాలి గనుక రోడ్డును లోతుగా త్రవ్వుతారు. సైకిలుదారునికి రెండున్నర మీటర్ల ఎత్తు చాలు. కనుక క్రొత్తగా కట్టునప్పుడు గాని, విస్తరించునప్పుడు గాని, వాహనాల రోడ్డు ప్రక్కనే దానికంటె ఎత్తున ఒక అరుగువలె సైకిలు బాటను, కాలిబాటను కట్టవచ్చును. నీరు ముందుగా క్రిందికి పోతుంది, అరుగు మునుగుటకు ఆలస్యమవుతుంది. దిగుడు కూడ తక్కువ. 1962 నాటి నియమావళి ముప్పదికి ఒకటి చొప్పున ఎత్తు పెరిగే వాలును 90 మీటర్లకు మించనీయరాదన్నది. నిండు క్యారియరుతో ఎత్తు ఎక్కినవారికి ఆ నియమం విలువ తెలుస్తుంది.

రెండవ అవకాశం కాలువ గట్లు. పెన్న నీటిని పొలాలకు మోసే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ వంటివి మన ప్రాంతపు జీవనాడులు. కాలువ గట్టుకు మూడు గుణాలున్నవి: అది వంకరలు తక్కువగా పోతుంది, దానిపై కూడళ్ళు అరుదు, చెట్టు నాటితే నీటి చేరువలో బ్రతుకుతుంది. లారీ రాలేని చోటు గనుక గట్టు కట్టి వేరు చేయవలసిన పని కూడ లేదు. ఆక్రమణలు, చెత్తకుప్పలు అడ్డు వస్తాయి; గట్టుపై ఇండ్లు వేసికొన్న పేదలకు వేరే చోటు చూపకుండ బాట వేయుదమనడం న్యాయం కాదు. ఖాళీగా ఉన్న గట్టు మేరకైనా మొదలు పెట్టవచ్చును.

దారి సంగతి ఇంతవరకు. చోటు సంగతి నా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైనది, ఎవ్వరూ పట్టించుకొనక వదిలివేసినది.

మన సైకిలుకు వెనుక చక్రానికి గుర్రపునాడా ఆకారంలో ఒక తాళం ఉంటుంది. ఆ తాళం చక్రాన్ని తిరుగనీయదు, అంతే. సైకిలును భూమికి గాని, స్తంభానికి గాని బంధించదు. ఇద్దరు మనుష్యులు దానిని ఎత్తి ఆటోలో వేసికొంటే తాళం సాక్షిగా పోతుంది. కనుకనే మన పెద్దలు తాళాన్ని నమ్మలేదు, మనిషిని నమ్మినారు. సినిమాహాళ్ళ వద్ద, రైల్వేస్టేషన్ల వద్ద సైకిలు స్టాండు ఉండేది. కాపలావాడు సీటుపై సుద్దముక్కతో నంబరు వేసి, అదే నంబరు గల అట్టముక్క చేతికిచ్చేవాడు. ఆట వదలగానే వందల సైకిళ్ళలో నుండి ఎవరి సైకిలు వారికి క్షణాలలో అందించే ఆ నైపుణ్యాన్ని ఏ యంత్రమూ అధిగమించిందనుకోను. తోవలో మోటారు సైకిళ్ళు పెరిగినవి. వానికి రుసుము ఎక్కువ వస్తుంది గనుక స్టాండు గుత్తేదారు సైకిలును మూలకు నెట్టినాడు. పిమ్మట ఆ మూల కూడ లేకుండ పోయినది.

రెండేళ్ళ క్రితం మా తరగతిలో తీరగ్రామం నుండి వచ్చే ఒక విద్యార్థి ఉండేవాడు. ఇంటి నుండి బస్సు ఆగే చోటికి నాలుగు కిలోమీటర్లు సైకిలు. అక్కడ టీ దుకాణం ప్రక్కన తాళం వేసి, బస్సెక్కి ఊరికి వచ్చేవాడు. ఒక సాయంత్రం తిరిగి పోయేసరికి సైకిలు లేదు. వారికి అది అన్నదమ్ములు ఇద్దరూ వాడే సైకిలు. మూడు వారాలు అతడు రాలేదు. హాజరు చాలలేదని అపరాధ రుసుము కట్టవలసి వచ్చినప్పుడే నాకు అసలు కారణం తెలిసినది. పట్టీలో ఆ మూడు వారాల ఎదుట నేను వేసిన గుర్తులన్నీ ఒక సైకిలు పోయిన గుర్తులే. భద్రమైన స్టాండు గమ్యం వద్ద ఉంటే చాలదు. సైకిలు దిగి బస్సెక్కే చోట, రైలెక్కే చోట తప్పక ఉండాలని ఈ ఒక్క ఉదాహరణ చెప్పుచున్నది.

ఉట్రెక్ట్ నగరపు రైల్వేస్టేషను క్రింద 2019లో పూర్తయిన స్టాండులో 12,500 సైకిళ్ళు నిలుపవచ్చును. మొదటి ఇరువది నాలుగు గంటలు ఉచితం. మనకు అంతటిది అక్కరలేదు. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువు తీరానికి లక్షలాది జనం వచ్చినప్పుడు, వాహనాలు నిలుపుటకు స్థలాలు నిర్ణయించి, పందిళ్ళు వేసి, మనుష్యులను పెట్టి నడిపిస్తున్న ఊరు మనది. ఆ ఐదు దినాల నేర్పులో పదవ వంతు సంవత్సరమంతా మద్రాసు బస్టాండు వద్ద, రైల్వేస్టేషను వద్ద చూపినచో సైకిలు స్టాండు నడుస్తుంది.

ఇక బాలికల విషయం. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం ప్రారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ వయస్సు బాలికలు ఉన్నత పాఠశాలలో చేరడం నూటికి 32 వంతులు పెరిగినది. బాలబాలికల మధ్య చేరికలో గల అంతరం నూటికి 40 వంతులు తగ్గినది. 2010 దశకంలో మన రాష్ట్రంలో కూడ 'బడికొస్తా' పేరిట ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచినారు.

దీనికంటె మనకు దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో ఉన్నది. 1990 దశకం ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం రెండు జిల్లాలలో రెండు అనూహ్యమైన ఫలితాలిచ్చినది. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకొంటూ సారా దుకాణాన్ని మూయించినారు. అది 1992 నాటికి రాష్ట్రమంతటి ఉద్యమమైనది. పుదుక్కోటలో కలెక్టరు షీలారాణి చుంకత్ గారి ప్రోత్సాహంతో అక్షరాలతో పాటు స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. వారిలో ముస్లిము స్త్రీలు కూడ చాలమంది. లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకొన్నట్లు పత్రికారచయిత పి. సాయినాథ్ వ్రాసినారు. బస్సు కొరకు, భర్త కొరకు, అన్న కొరకు ఎదురుచూచే అవసరం తగ్గినదని ఆ స్త్రీలు చెప్పుకొన్నారు. మన కళాశాలలో సైకిలుపై వచ్చే విద్యార్థినులు బాలురకంటె ఎందుకు తక్కువగా ఉన్నారని తల్లిదండ్రులను అడిగినప్పుడు, సైకిలు తొక్కరాదన్న మాట నాకు ఒక్కరి నోటనూ వినరాలేదు. దారి మంచిది కాదు, నిలిపే చోట వెలుతురు లేదు అన్నారు. రెండూ ఇటుకతో, ఇనుముతో సరిచేయగల విషయాలు.

కళాశాల కమిటీ పెద్దల సమక్షాన ఒక లెక్క ఉంచుతాను. బోర్లించిన 'యు' ఆకారంలో వంచిన ఇనుప గొట్టాన్ని నేలలో పాతినచో దానికి అటొకటి ఇటొకటి రెండు సైకిళ్ళు ఫ్రేముతో సహా గొలుసు వేసి బంధించవచ్చును. గొట్టానికి గొట్టానికి నడుమ ఒక మీటరు. ఇరువది ఐదు గొట్టాల వరుసలు రెండు, వాని నడుమ రెండు మీటర్ల నడవ. మొత్తం 25 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. ఇందులో వంద సైకిళ్ళు నిలుస్తాయి. రాకపోకల దారి మినహాయించి లెక్కించినా ఆ స్థలంలో పండ్రెండు కార్లకు మించి పట్టవు. గొట్టాలకు జింకు పూత ఉండాలి, లేనిచో రెండు వర్షాకాలాలకే త్రుప్పు పట్టును. పైన రేకుల కప్పు, వాన నీరు పోవుటకు వాలు నేల, కార్యాలయం కిటికీ నుండి కనిపించే గుమ్మం, సాయంకాలపు తరగతులు ముగిసేవరకు దీపం. ఒక గాలి పంపు, పంక్చరు సామాను. కాపలాకు ఒక మనిషి, అతని వద్ద నంబరు బిళ్లలు. బిళ్ల పోగొట్టుకొన్నవారు గుర్తింపు కార్డు చూపి సంతకం చేసి తీసికొనాలి. విద్యార్థులు తమ వంతుగా సైకిలు ఫ్రేముపై చెక్కియుండే నంబరును, అది సీటు గొట్టంపైన గాని పెడళ్ళ ఇరుసు క్రింద గాని ఉంటుంది, నోటుపుస్తకంలో వ్రాసి ఉంచుకొనాలి. సైకిలు పోయిన దినాన పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే.

ప్రహరీగోడకు తూర్పు ప్రక్కన పడియున్న విరిగిన బల్లలను తొలగించినచో ఈ కొలతలకు చోటు సరిపోతుంది. నేను, ఇద్దరు విద్యార్థులు టేపు పెట్టి కొలచి చూచినాము. తెరిచే వేళలు, మూసే వేళలు గుమ్మంపై ఉర్దూలోను తెలుగులోను వ్రాయించే బాధ్యత మా రెండు శాఖలు తీసికొంటాయి.